రెండు తులాల గారపళ్ళు

మా పెద్దమ్మాయి పదో తరగతి. దసరా సెలవుల్లో దాని పుస్తకాల అలమర సర్దుతుంటే ఒక కాగితం జారి కింద పడింది. తెల్ల షీటు మీద స్కెచ్ పెన్నులతో గళ్ళు గీసి, పైన ‘మా కుటుంబంలో అనువంశిక లక్షణాలు’ అని పెద్ద అక్షరాలతో రాసింది. బయాలజీ ప్రాజెక్టు. చెవి తమ్మె వేలాడుతోందా అతుక్కుందా, నాలుక గొట్టంలా చుట్టగలరా, జుట్టు ఉంగరాలా, బుగ్గన సొట్ట పడుతుందా అని వరుసలు. ఎదురుగా నానమ్మ, తాత, అమ్మమ్మ, నాన్న, అమ్మ, నేను, తమ్ముడు. ముచ్చటేసింది. చివరి వరుస చూసేదాకా.

చివరి వరుస అది సొంతంగా కలిపింది. ‘పళ్ళ గార: అమ్మమ్మకు ఉంది. అమ్మకు ఉంది. మామయ్యకు ఉంది. నాకు లేదు. కాబట్టి ఇది అంతర్గత లక్షణం. నాలో దాగి ఉండి నా పిల్లల్లో బయటపడవచ్చు.’

దాని పక్కన టీచర్ ఎర్ర పెన్ను టిక్కు. కింద ‘గుడ్’.

నేను అక్కడే చాప మీద కూలబడ్డాను. ఎందుకో చెప్పాలంటే మా పెళ్ళిచూపుల దాకా వెళ్ళాలి.

మా పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. నల్గొండ జిల్లాలో ఆ పేరు చెప్తే నీళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రాతినేల. ఆ రాళ్ళలో ఉన్న ఫ్లోరిన్ నీళ్ళలో కరుగుతుంది, బోరు ఎంత లోతుకు పోతే అంత ఎక్కువ. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మా దిక్కు బోర్లు కొన్నింట్లో అంతకు ఎన్నో రెట్లు. ఆ నీళ్ళే తాగినం, ఆ నీళ్ళతోనే అన్నం వండుకున్నం. మా బడిలో తెల్లటి పళ్ళున్న పిల్ల వస్తే ‘ఏ ఊరు నీది?’ అని అడిగేవాళ్ళం. మా వాడలో నలభై దాటినవాళ్ళు మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేవాళ్ళు. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అంటారు. ఏ ఊరికైనా బిర్యానీతోనో చీరతోనో పేరొస్తుంది, మాకు ఇట్ల వచ్చింది.

సూర్యాపేట సంబంధం వచ్చినప్పుడు నేను నవ్వకుండా కూర్చున్నాను. మా అమ్మ ముందే చెప్పింది, మూతి తెరవకని. అయినా మా అత్తమ్మ చూసింది. ‘పిల్ల బాగనే ఉన్నది గని, పండ్లు గట్లున్నయి. రేపు పిల్లలకు గూడ గదే వస్తే?’ అన్నది. తప్పుగా అనుకుని అన్న మాట కాదది. ఎవరికైనా వచ్చే అనుమానమే. అవతల మా అమ్మవీ అవే పళ్ళు, మా అన్నవీ అవే పళ్ళు. చూసినవాళ్ళకు వంశంలో ఉందనే అనిపిస్తుంది కదా! మా నాన్నకు జవాబు తెలియలేదు. తెలియక, రెండు తులాల బంగారం ఎక్కువ ఒప్పుకున్నాడు. నీళ్ళు చేసిన తప్పుకు మా నాన్న కట్టిన జరిమానా అది. నా పెళ్ళి ఆల్బమ్‌లో నేను నవ్విన ఫోటో ఒక్కటీ లేదు.

ఇన్నేళ్ళ తర్వాత నా కూతురు అదే మాట సైన్సు భాషలో రాసింది. దానికి టిక్కు పడింది.

అసలు సంగతి సైన్సు తెలిసినవాళ్ళకు చిన్నదే. గార పళ్ళలో పుట్టదు. చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ళ లోపు, చిగురు కింద పన్ను తయారవుతున్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే పైపూత సరిగ్గా కట్టదు. ఆ మచ్చే గార. పన్ను ఒకసారి బయటికొచ్చాక ఎన్ని నీళ్ళు తాగినా కొత్తగా రాదు, వచ్చింది ఎంత తోమినా పోదు. జన్యువులతో పిల్లలకు అందేది కాదు అది. మన ఇళ్ళల్లో ఎన్ని తరాల నుంచి ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తున్నాం! ఒక్క పిల్లయినా చెవికి రంధ్రంతో పుట్టిందా? ఈ సంగతే వైజ్‌మన్ అనే ఆయన ఎలుకల తోకలు తరాల తరబడి కోసి మరీ చూపించాడు. ఆ ప్రయోగం మా అమ్మాయి పాఠంలోనే ఉంది. లామార్క్ చెప్పిందీ, వైజ్‌మన్ కాదన్నదీ నాలుగు మార్కుల జవాబుగా దానికి కంఠతా వచ్చు. ఎలుక తోక దగ్గర నేర్చుకున్న సంగతి అమ్మ పళ్ళ దగ్గరికి మాత్రం రాలేదు.

నాకు కోపం వచ్చింది గానీ పిల్ల మీద కాదు. ఇంటర్లో బైపీసీ చదివి, డిగ్రీ మధ్యలో పెళ్ళయి ఆగిపోయిన మనిషిని. ఆ కాస్త చదువుతో ఆ సాయంత్రం దాని పాఠ్యపుస్తకం, గైడు రెండూ ముందేసుకుని కూర్చున్నాను. ‘అనువంశికత’ ఎనిమిదో పాఠం. పాఠం చెడ్డది కాదు, నిజానికి మా రోజుల కంటే చాలా బాగుంది. మెండల్ బఠాణీలు, క్రోమోసోములు, ఆడా మగా ఎలా నిర్ణయమవుతుంది, పరిణామం. కేంద్ర సిలబస్ పుస్తకాల్లో పదో తరగతి నుంచి పరిణామం తీసేశారని రెండు మూడేళ్ళ కింద గొడవైంది చూడండి, మన పుస్తకంలో అది ఉంది.

చిక్కల్లా అడిగే తీరులో ఉంది. మన రాష్ట్రంలో ప్రశ్నపత్రానికి విద్యాప్రమాణాలని ఏడు ఉన్నాయి. విషయావగాహన, ప్రశ్నించడం, ప్రయోగాలు, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు, అభినందన, నిజజీవిత వినియోగం. వింటుంటే ఎంత బాగుంది! మా అమ్మాయి గైడులో ఒక ప్రశ్న చూడండి: ‘నీవు మెండల్‌ను కలిస్తే ఏ ప్రశ్నలు అడుగుతావు?’ దాని కింద మెండల్‌ను అడగాల్సిన ప్రశ్నలు నాలుగు అచ్చేసి ఉన్నాయి. బఠాణీనే ఎందుకు ఎంచుకున్నారు, ఇంకోటి, ఇంకోటి. మా పిల్ల ఆ నాలుగూ చూడకుండా అప్పజెప్పింది. జవాబులు బట్టీ పట్టడం మనకు తెలుసు. ప్రశ్న అడగడం కూడా బట్టీయేనని నాకు ఇప్పుడే తెలిసింది. ‘నిజజీవిత వినియోగం’ అన్న చోటా అంతే. జీవితం కూడా గైడులోనే అచ్చై ఉంది.

ఆ పాఠంలో ఇంకో ప్రశ్న. ఆడపిల్ల పుడితే తల్లిని నిందించడం సరైనదేనా? ఇది అన్ని గైడుల్లోనూ ఉంటుంది, ప్రతి పిల్లకీ వచ్చు. తల్లి దగ్గర ఎక్స్ ఎక్స్, తండ్రి దగ్గర ఎక్స్ వై, కాబట్టి తండ్రే బాధ్యుడు. పటం గీస్తే పూర్తి మార్కులు. మా తోటికోడలికి ముగ్గురూ ఆడపిల్లలే. మూడోది పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో మా చిన్నత్త ‘దాని కడుపే గంతే’ అని అందరి ముందూ అన్నది. పక్కనే మా అమ్మాయి నిలబడి ఉంది. అప్పటికి తొమ్మిదో తరగతి, అక్కడే కూర్చుని నాకు బయాలజీ అప్పజెప్పే పిల్ల. నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

పైగా ఆ ‘తండ్రే బాధ్యుడు’ అన్న జవాబు కూడా నాకు పూర్తిగా నచ్చదు. నేరం ఆవిడ మెడలోంచి తీసి ఆయన మెడలో వేసినట్టుంది. ఎక్స్ వెళ్ళిందో వై వెళ్ళిందో తండ్రి చేతిలోనూ లేదు, బొమ్మా బొరుసూ. ఆడపిల్ల పుట్టడమే ఒక తప్పు, ఆ తప్పు ఎవరిదో తేల్చాలి అన్నట్టు ప్రశ్న ఉంటే, ఎంత కరెక్టుగా జవాబు రాసినా పిల్ల మనసులో ఏం మిగులుతుంది? తప్పెవరిదని కాకుండా, ‘ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగో కాన్పులో మగపిల్లాడు పుట్టే అవకాశం ఎంత?’ అని అడిగి చూడండి. సగానికి సగం అని చెప్పే పిల్లలు ఎంతమంది ఉంటారో! ఈసారి తప్పక మగపిల్లాడే అనే ఆశతో ఎన్ని కడుపులు మోశామో మనకు తెలియదా?

ఈ లెక్క అర్థం కాకపోతే ఏమవుతుందో కోదాడలో మా దూరపు చుట్టాల ఇంట్లో చూశాను. మేనరికం. మొదటి పిల్లాడికి తలసేమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు దాగి ఉంది, నలుగురిలో ఒకరికి వస్తుంది అని డాక్టరు చెప్పారు. ఆ మాట వాళ్ళు ఎలా విన్నారో తెలుసా? ఒకడికి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు అని. రెండో పాపకూ వచ్చింది. ‘డాక్టరు అబద్ధం చెప్పిండు’ అని ఇప్పటికీ అంటారు. ఆ తల్లి టెన్త్ ఫస్టు క్లాసు. మూడు నిష్పత్తి ఒకటి తను కూడా రాసే ఉంటుంది. నాలుగు గళ్ళు గీసి ఒక్కో గడిలో ఒక్కో బిడ్డను రాస్తే చదివినవాళ్ళకు నలుగురు పిల్లలే కనిపిస్తారు. ఆ నాలుగు గళ్ళూ ప్రతి కాన్పుకూ మళ్ళీ మొదటి నుంచి గీసుకోవాలని, మొదటి బిడ్డకు ఏమైందో రెండో గర్భానికి తెలియదని, ఎవరో ఒకరు గట్టిగా చెప్పి ఉండాల్సింది. మెండల్ 3:1 అన్నది నాలుగు గింజలు చూసి కాదు. గుండ్రటివి 5,474, ముడతలవి 1,850 లెక్కపెట్టాడు. అన్ని వేలు లెక్కపెట్టినా సరిగ్గా మూడు రాలేదు, కొంచెం తక్కువే వచ్చింది. ఆ అంకెలు తరగతిలో చెప్పి, పిల్లల చేతికి రెండు రూపాయి బిళ్ళలిచ్చి ఓ వంద సార్లు ఎగరేయిస్తే ఒక్క పీరియడ్ పడుతుంది.

మేనరికం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. బావామరదళ్ళ పెళ్ళి ఒక్కటే చిక్కని అనుకుంటాం. కొన్ని కుటుంబాలతో మొదలైన కులంలో తరాల తరబడి వాళ్ళలో వాళ్ళే చేసుకుంటున్నా దాగిన జన్యువులు అలాగే కలుస్తాయని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న పరిశోధన 2017లో వచ్చింది. అందులో మన వైశ్యుల సంగతి ప్రత్యేకంగా చెప్పారు. ఆపరేషన్‌కు కండరాలు సడలించే ఒక మందు ఇస్తే, వాళ్ళలో కొందరికి దాని ప్రభావం మామూలు కంటే చాలాసేపు ఉంటుంది. ఆ మందును అరగదీసే ఎంజైము వాళ్ళలో తక్కువ. సూర్యాపేట, మిర్యాలగూడ బజార్లలో ఇది తెలిసిన ఇళ్ళు ఎన్ని? పాఠంలో ఒక్క పేరా చాలు. మత్తు డాక్టరుకు ముందే చెప్పుకుంటారు.

మళ్ళీ ఆ ప్రాజెక్టు దగ్గరికి వస్తాను. గార సంగతి అలా ఉంచండి, పై వరుసలు కూడా నాకు భయమే. నాలుక చుట్టడం ఒక్క జన్యువు పని అని 1940లో స్టర్టెవాంట్ అనే శాస్త్రవేత్త రాశాడు. ఒకే పిండం చీలి పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఒకరికి రాని జంటలున్నాయని 1952లో తేలింది. తర్వాత ఆయనే తన మాట వెనక్కి తీసుకున్నాడు. మన ప్రాజెక్టు షీట్లు మాత్రం తీసుకోలేదు. చెవి తమ్మె కూడా అంతే, అటూ ఇటూ కాని తమ్మెలే ఎక్కువ. ఇందులో భయమేముంది అంటారా? ఆ లెక్క ప్రకారం అమ్మానాన్నలిద్దరికీ నాలుక చుట్టరాకపోతే బిడ్డకు రాకూడదు. వస్తే? పదిహేనేళ్ళ పిల్ల ఆ కాగితం పట్టుకుని ఇంట్లో ఏం అడుగుతుంది? అనుమానం వస్తే మన ఇళ్ళల్లో అది ఎవరి మీదికి పోతుందో మీకు చెప్పాలా? దత్తత తెచ్చుకున్న పిల్లలు, తండ్రి లేని పిల్లలు కూడా ఆ గళ్ళు నింపాలి. ఇది ఆలోచించకుండా ఇచ్చే పని.

మరి ఏం ఇవ్వాలి అని నన్నడిగితే, మా ఇంటి బియ్యం డబ్బా చూపిస్తాను. మా ఆడబిడ్డ వాళ్ళది మిర్యాలగూడ పక్కన, సాగర్ ఎడమ కాలువ కింద. ఏటా బీపీటీ బియ్యం అక్కడి నుంచే. సాంబ మసూరి అంటారే, బీపీటీ 5204, బాపట్లలో పుట్టి 1986లో రైతుల దగ్గరికొచ్చిన రకం. తినడానికి ఇంత బాగుంటుందా, ఎండాకు తెగులు వస్తే మాత్రం నిలవదు. సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి దానికి తెగులును తట్టుకునే మూడు జన్యువులు ఎక్కించాయి. మూడింట్లో రెండు అంతర్గతం, ఒకటి బహిర్గతం. ఆ ఒక్కటీ ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. అంతర్గత జన్యువు పైకి కనిపించదు కదా, మరి మొక్కలో అది ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఆకు ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేసి, ఉన్న మొక్కల్నే ఏరుకుంటూ పోయారు. చేసిందంతా సంకరమే, జీఎం పంట కాదు. రుచి అదే, గింజ అదే. షుగర్ ఉన్నవాళ్ళకు కూడా కొంత నయమని చెప్తారు. పదో తరగతి పాఠం మొత్తం ఈ ఒక్క గింజలో ఉంది. బడి గోడ అవతల పొలం ఉన్న పిల్లలకు ఎక్కడో ఐరోపా తోటలో బఠాణీలతో ఆపేస్తే ఎలా?

ఇవన్నీ మనసులో పెట్టుకుని వాళ్ళ బయాలజీ మేడమ్‌ను కలవడానికి వెళ్ళాను. పోట్లాడదామనే వెళ్ళాను, నిజం. ఆవిడ కాగితం చూసి, నా ముఖం చూసి, నా పళ్ళు చూసి, ఒక్క నిమిషం మాట్లాడలేదు. ‘సారీ అక్కా, నేను గళ్ళు నిండాయా లేదా అనే చూసిన’ అన్నది. నాలుగు సెక్షన్లు, రెండు వందలకు పైగా పిల్లలు, ప్రతి పిల్లకూ నాలుగు ఎఫ్ఏల ప్రాజెక్టులు, వాటి మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఎనిమిదో పాఠానికి వచ్చేసరికి సంక్రాంతి ముంగిట్లో ఉంటుంది, తర్వాతంతా రివిజన్లు, ప్రీఫైనల్స్. ‘మీరు చెప్పిన ప్రశ్న ఇస్త అక్కా. రెండు వందల మంది రెండు వందల జవాబులు రాస్తరు. ఎట్ల దిద్దాలె? మార్కు తగ్గితే మీలాంటి అమ్మలే వస్తరు గద.’ ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ముందు ఏడు ఇంటర్నల్స్‌లో ఒక మార్కు తగ్గిందని ఆయనను బడికి పంపింది నేనే.

2024 నవంబర్ చివర్లో ప్రభుత్వం ఇంటర్నల్ మార్కులే ఎత్తేస్తున్నాం అని ప్రకటించి, మర్నాడే ఆ ఏడాదికి ఆపింది గుర్తుందా? అప్పుడు నేను ఎత్తేస్తేనే మంచిది అనుకున్నాను, అందరికీ ఇరవైకి ఇరవై వేసే మార్కులు ఉంటే ఎంత, పోతే ఎంత అని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. పబ్లిక్ పరీక్షలో జీవశాస్త్రానికి నలభై మార్కులు, రాష్ట్రమంతటికీ ఒకటే పేపరు. అందులో మర్రిగూడ నీళ్ళ గురించి ఎవరడుగుతారు? అడగగలిగేది ఆ ఊరి టీచరొక్కరే, అడగగలిగే చోటు ఆ ఇంటర్నల్స్ ఒక్కటే. పాతికమంది పిల్లలు తమ వీధిలో గారపళ్ళున్న ఇళ్ళు లెక్కపెట్టి, ఎవరు ఏ నీళ్ళు తాగి పెరిగారో అడిగి, ఇది రక్తంలోదా నీళ్ళలోదా తేల్చుకుని రాస్తే, తప్పు తేల్చినా సరే, ఎలా తేల్చారో చూసి మార్కు వేయండి. ఆ మార్కు తక్కువ వస్తే అడగడానికి రాను. ఈ మాట మేడమ్‌కు కూడా చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చాక పిల్లకు జవాబు చెప్పలేదు. ‘మీ మామయ్య పిల్లలిద్దరి పళ్ళూ ఎప్పుడైనా చూసినవా?’ అని మాత్రం అడిగాను. మా అన్నకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు బోరు నీళ్ళ రోజుల్లో పుట్టినవాడు. చిన్నోడు ఇంటింటికీ కృష్ణ నీళ్ళు వచ్చాక. ఒకే అమ్మ, ఒకే నాన్న. అది వెంటనే ఫోన్ తీసుకుని వాళ్ళకు వీడియో కాల్ చేసింది. ‘ఈ... అను బావా!’ అని పెద్దోడితో పళ్ళికిలింపించింది. వాడు సిగ్గుపడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, నేను పెళ్ళిచూపుల్లో పెట్టుకున్నట్టే. తర్వాత చిన్నోడు. జాంపండు కొరికిన పళ్ళు తెల్లగా తళతళ.

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏమీ అనలేదు. షీటు తీసి, చివరి వరుస కొట్టేసి, పక్కన పుట్టిన సంవత్సరం అని ఒకటి, తాగిన నీళ్ళు అని ఒకటి కొత్త గళ్ళు గీసింది. సోఫాలో కూర్చుని చూస్తున్న మా అత్తమ్మ దగ్గరికి పోయి, ‘నానమ్మా, నువ్వు ఏ నీళ్ళు తాగి పెరిగినవే?’ అని అడిగింది.

‘బాయి నీళ్ళు’ అన్నది ఆవిడ. కాసేపాగి, నా వైపు చూడకుండా, ‘మంచి బాయి అది’ అన్నది.

పిల్ల అదీ రాసుకుంది. రాసుకుని, ‘మమ్మీ, ఇది పబ్లిక్‌లో వస్తదా?’ అని అడిగింది.

రాదన్నాను. అయినా గళ్ళు నింపుతూనే ఉంది.